బీటెక్ సీఎస్‌ఈ చదివినా జాబ్‌లో తడబాటు ఎందుకు..? కాలేజీ కోడింగ్‌కి, కంపెనీ కోడింగ్‌కి అసలు తేడా ఇదే!

నాలుగేళ్ల సీఎస్‌ఈ.. మంచి సీజీపీఏ.. చేతిలో పట్టా. అయినా చాలామంది బ్యాగ్ సర్దుకుని నేరుగా అమీర్‌పేట బస్సెక్కుతున్నారు. మైత్రీవనం చుట్టుపక్కల ఏదో ఒక హాస్టల్‌లో చేరి, జావా అనో పైథాన్ అనో మళ్లీ ఫీజు కట్టి మొదటి నుంచి నేర్చుకుంటున్నారు. ఇంట్లో వాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే.. "నాలుగేళ్లు కాలేజీలో చెప్పింది ఇది కాదా మరి?"

ప్రశ్న న్యాయమైనదే. దీనికి చాలామంది చెప్పే జవాబు "కాలేజీ చదువు వేస్ట్" అని. ఇంకొందరు "సిలబస్ పాతది" అంటారు. మొదటిది తప్పు. రెండోది సగమే నిజం. అసలు తేడా సిలబస్‌లో కంటే, కాలేజీలో చేయించే పనికి, ఆఫీసులో చేయాల్సిన పనికి మధ్య ఉంది.

ల్యాబ్‌లో 40 లైన్లు.. ఆఫీసులో లక్షల లైన్లు

ల్యాబ్ ఎగ్జామ్ ఎలా జరుగుతుందో సీఎస్‌ఈ చదివిన ఎవరికైనా గుర్తుంటుంది. చీటీ తీస్తారు. అందులో ఒక ప్రోగ్రామ్ వస్తుంది. ముందు పేపర్ మీద రాసి చూపించాలి, తర్వాత సిస్టమ్‌లో కొట్టి అవుట్‌పుట్ తెప్పించాలి. ఎగ్జామినర్ రెండు వైవా ప్రశ్నలు అడిగి సంతకం పెడతారు. 30, 40 లైన్ల ఆ ప్రోగ్రామ్‌ని ఆ తర్వాత ఎవరూ తెరవరు. రికార్డ్‌లో రాసిందే చీటీలో వస్తుంది కాబట్టి బట్టీ పట్టినా గడిచిపోతుంది.

ఇప్పుడు జాబ్ సంగతి చూద్దాం. ఉదాహరణకి ఒక ఫ్రెషర్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ టీమ్‌లో చేరాడనుకోండి. "కొత్త ప్రోగ్రామ్ రాయి" అని ఎవరూ అనరు. ఎప్పుడో మానేసి వెళ్లిపోయినవాళ్లు రాసిన లక్షల లైన్ల కోడ్ అప్పటికే నడుస్తూ ఉంటుంది. అతనికి వచ్చే పని ఒక టికెట్. "కొంతమంది కస్టమర్లకు డిస్కౌంట్ రెండుసార్లు పడుతోంది, చూడండి" అని ఒక్క వాక్యం. అంతే.

చివరికి మార్చాల్సింది రెండు లైన్లే కావచ్చు. కానీ ఆ రెండు లైన్లు ఎక్కడున్నాయో పట్టుకోవడానికే రెండు రోజులు పడుతుంది. తప్పు అందరికీ రాకుండా కొందరికే ఎందుకు వస్తోందో కనిపెట్టాలి. తన సిస్టమ్‌లో అదే తప్పు మళ్లీ తెప్పించాలి. మార్చాక ఇంకోచోట ఏదీ విరగలేదని టెస్టులు రాసి చూపించాలి. గిట్‌లో వేరే బ్రాంచ్ తీసి అందులో పెట్టాలి. సీనియర్ చూసి "ఈ పేరు అర్థం కావట్లేదు, మార్చు" అంటే మార్చాలి. ఇదంతా అయ్యాకే ఆ రెండు లైన్లు సర్వర్ వరకు వెళ్తాయి.

ఇందులో చాలా పనులకు నాలుగేళ్ల ల్యాబుల్లో ఒక్కసారి కూడా చోటు దొరకని కాలేజీలు ఎన్నో. సొంతంగా చిన్న ప్రోగ్రామ్ రాయించారు, బాగుంది. వేరేవాళ్లు రాసిన పెద్ద ప్రోగ్రామ్‌ని చదివి అర్థం చేసుకోమని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఫ్రెషర్లు తడబడేది ఎక్కువగా ఇక్కడే.

ఒక్క సర్వర్ మర్చిపోతే.. 45 నిమిషాల్లో కంపెనీ కుదేలు

ఇదంతా చిన్న విషయంలా అనిపించవచ్చు. అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే స్టాక్ ట్రేడింగ్ కంపెనీకి ఏమైందో చూస్తే అలా అనిపించదు.

2012 ఆగస్టు 1న ఆ కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్‌తో మార్కెట్‌లోకి దిగింది. మొత్తం 8 సర్వర్లలో కొత్త కోడ్ పెట్టాలి. ఏడింటిలో పెట్టారు, ఒకదాన్ని మర్చిపోయారు. ఆ ఎనిమిదో సర్వర్‌లో ఏళ్ల కిందటే వాడటం మానేసిన పాత కోడ్ అలాగే ఉండిపోయింది. పైగా ఆ పాత కోడ్‌ని నడిపించే స్విచ్‌నే కొత్త ఫీచర్‌కి మళ్లీ వాడుకున్నారు. మార్కెట్ తెరవగానే పాత కోడ్ నిద్రలేచి, ఆపేవాళ్లు లేకుండా ఆర్డర్లు పంపడం మొదలుపెట్టింది. సుమారు 45 నిమిషాల్లో 40 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది. మరుసటి ఏడాదికి ఆ కంపెనీ వేరే సంస్థలో కలిసిపోయింది.

ఇక్కడ అల్గారిథమ్ ఎవరికీ తెలియక కాదు. పనికిరాని కోడ్‌ని తీసేయకపోవడం, సర్వర్లన్నింట్లో ఒకే వెర్షన్ ఉందో లేదో సరిచూసే పద్ధతి లేకపోవడమే కొంప ముంచింది. ఏ సెమిస్టర్ పేపర్‌లోనూ దీని మీద పది మార్కుల ప్రశ్న రాదు.

అయితే ఆ థియరీ అంతా దండగేనా?

కానే కాదు. తత్కాల్ టికెట్ సంగతే తీసుకోండి. ఉదయం 10 గంటలకు ఏసీ తత్కాల్ బుకింగ్ తెరుచుకుంటుంది. చివరి బెర్త్ ఒక్కటే మిగిలింది. విజయవాడలో ఒకరు, వరంగల్‌లో ఒకరు అదే క్షణంలో దాని మీద నొక్కారు. ఇద్దరికీ బెర్త్ ఖాళీ అనే కనిపించింది. ఇద్దరికీ టికెట్ ఇచ్చేస్తే రైల్లో కొట్లాటే. ఒకరి పని పూర్తయ్యేదాకా రెండోవాళ్లను ఆపడం, మధ్యలో పేమెంట్ ఫెయిలైతే బెర్త్‌ని వెనక్కి తీసుకోవడం.. డీబీఎంఎస్‌లో ట్రాన్సాక్షన్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో సింక్రొనైజేషన్ అని చెప్పేది సరిగ్గా ఇదే. చదివినప్పుడు బోర్ కొట్టిన చాప్టర్లే.

ఇంకోటి. చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో 0.1కి 0.2 కలిపితే 0.3 రాదు. 0.30000000000000004 వస్తుంది. కంప్యూటర్ భిన్నాలను రెండంకెల పద్ధతిలో దాచుకుంటుంది. ఆ పద్ధతిలో 0.1 కచ్చితంగా ఇమడదు. ఇది తెలియనివాళ్లు డబ్బు లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తే పైసలు తేడా వస్తూనే ఉంటాయి, ఎక్కడ పోతున్నాయో దొరకదు. కంప్యూటర్ ఆర్గనైజేషన్ క్లాస్ విన్నవాళ్లకు మాత్రం ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

వరసలో పెట్టిన 10 లక్షల పేర్లలో ఒక పేరుని ఒక్కొక్కటిగా వెతికితే 10 లక్షల సార్లు చూడాల్సి రావచ్చు. బైనరీ సెర్చ్‌తో అయితే 20 సార్లు చాలు. వంద రికార్డుల ల్యాబ్ ప్రోగ్రామ్‌లో ఈ తేడా అస్సలు కనిపించదు. అందుకే స్టూడెంట్లకు అది పరీక్ష కోసం పెట్టిన సోదిలా అనిపిస్తుంది.

మూడు నెలల కోర్సుల్లో దొరకనిది ఇదే. కొత్త ఫ్రేమ్‌వర్క్‌ని వారాల్లో నేర్పవచ్చు. కొన్నేళ్లకు అది పాతబడిపోతుంది కూడా. ట్రాన్సాక్షన్, ఇండెక్స్, మెమరీ లాంటివి అలా పాతబడవు.

సిలబస్ మారలేదా? మారింది.. కానీ

ఏఐసీటీఈ 2018లో ఇంజినీరింగ్‌కి కొత్త మోడల్ కరికులమ్ ఇచ్చింది. 220 దాకా ఉన్న క్రెడిట్లను 160కి తగ్గించింది. థియరీ భారం తగ్గించి ప్రాక్టికల్‌కి, ఇంటర్న్‌షిప్‌కి చోటివ్వాలన్నది ఉద్దేశం. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 రెగ్యులేషన్‌లో నోడ్ జేఎస్, రియాక్ట్ జేఎస్, జాంగో లాంటివి స్కిల్ డెవలప్‌మెంట్ కోర్సుగా వచ్చాయి. పేపర్ మీద చూస్తే కంపెనీలు అడిగేవే ఇవి. కాకపోతే ఆ కోర్సుకి దక్కింది ఒక్క క్రెడిట్. మరోవైపు కొన్ని ల్యాబుల్లో ఇప్పటికీ 1990ల నాటి టర్బో సీ నీలం స్క్రీనే దర్శనమిస్తుంది.

పరీక్ష పద్ధతి మాత్రం పెద్దగా మారలేదు. ఒక యూనివర్సిటీ కింద పదుల కొద్దీ అఫిలియేటెడ్ కాలేజీలు. అందరికీ ఒకే ప్రశ్నపత్రం. వేల జవాబు పత్రాలను ఒకే కొలతతో దిద్దాలి. అలాంటి చోట "ఈ పాత కోడ్‌లో తప్పు కనిపెట్టి, టీమ్‌తో మాట్లాడి సరిచేయండి" అని మూడు గంటల పేపర్‌లో ఎలా అడుగుతారు? "వెర్షన్ కంట్రోల్ అంటే ఏమిటి? లాభాలు రాయండి" అని అడగడం తేలిక. స్టూడెంట్ ఐదు లాభాలు రాసి మార్కులు తెచ్చుకుంటాడు. గిట్ మాత్రం ముట్టుకోడు.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. ప్రపంచంలోనే పేరున్న ఎంఐటీలో 2020లో "ది మిస్సింగ్ సెమిస్టర్" పేరుతో చిన్న కోర్సు నడిపారు. క్లాసుల్లో ఎవరూ ప్రత్యేకంగా చెప్పని కమాండ్ లైన్, గిట్, డీబగ్గింగ్ లాంటివే అందులో పాఠాలు. అంత గొప్ప చోట చదివేవాళ్లకూ ఇవి విడిగా చెప్పాల్సి వచ్చిందన్నమాట. ఆ వీడియోలు ఇప్పటికీ ఉచితంగా దొరుకుతున్నాయి.

కంపెనీలు ఏం చూస్తున్నాయి?

2017లో ఆస్పైరింగ్ మైండ్స్ సంస్థ 500కు పైగా కాలేజీల్లో 36 వేల మందికి పైగా ఇంజినీరింగ్ స్టూడెంట్లకు కోడింగ్ పరీక్ష పెట్టింది. సరైన లాజిక్‌తో ప్రోగ్రామ్ రాయగలిగింది 4.77 శాతమే అని చెప్పింది. అప్పట్లో దీని మీద పెద్ద దుమారమే రేగింది. ఇండస్ట్రీ వాళ్లే ఆ సర్వేని తప్పుపట్టారు కూడా. అంకె సంగతి పక్కన పెడితే.. అలాంటి పరీక్ష కొలిచేది ఖాళీ స్క్రీన్ మీద కొత్త ప్రోగ్రామ్ రాయడాన్నే. వేరేవాళ్ల కోడ్‌తో పని చేయడాన్ని అది కొలవదు.

పెద్ద సర్వీస్ కంపెనీలు సివిల్, మెకానికల్ వాళ్లను కూడా తీసుకుని సొంతంగా ట్రైనింగ్ ఇస్తుంటాయి. ఇన్ఫోసిస్ మైసూరు క్యాంపస్‌లో ఈ ట్రైనింగ్ నెలల తరబడి సాగుతుంది. అంటే కాలేజీ అంతా నేర్పేసిందని కంపెనీలు కూడా అనుకోవట్లేదు. నేర్చుకోగలిగినవాళ్లని ఏరుకుని, మిగతాది తామే నేర్పుతున్నాయి.

కానీ ఆ ట్రైనింగే ఇప్పుడు అసలు పరీక్షగా మారింది. 2025 ఫిబ్రవరిలో అదే మైసూరు క్యాంపస్ నుంచి 300 మందికి పైగా ట్రైనీలు ఇంటిదారి పట్టారు. మూడు అవకాశాలు ఇచ్చినా అసెస్‌మెంట్ పాస్ కాలేదన్నది కంపెనీ మాట. పరీక్షని కావాలనే కఠినం చేశారన్నది ట్రైనీల ఆరోపణ. వాళ్లలో ఆఫర్ లెటర్ వచ్చాక రెండేళ్ల దాకా జాయినింగ్ కోసం ఎదురుచూసినవాళ్లూ ఉన్నారు. ఎవరి వాదన ఎలా ఉన్నా, ఎడ్యుకేషన్ లోన్ తీసుకున్న ఇంటికి అది మామూలు దెబ్బ కాదు.

"ఇప్పుడు ఏఐ కోడ్ రాసేస్తోంది కదా, ఇవన్నీ ఎందుకు" అనేవాళ్లూ ఉన్నారు. ఏఐ ఇచ్చిన కోడ్ కూడా వేరేవాళ్లు రాసిన కోడే. అది సరిగ్గా ఉందో లేదో చదివి తేల్చాల్సింది మనిషే. తత్కాల్ బెర్త్ ఇద్దరికీ ఇచ్చేసే కోడ్‌ని అది ఎంతో ధీమాగా రాసిచ్చినా, తప్పు పట్టాలంటే ఆ బోర్ కొట్టిన చాప్టర్ తెలిసుండాలి.

అసలు పని నేర్పే ఒక్క అవకాశం.. అమ్మకానికి!

నిజానికి ఆఫీసు పనికి దగ్గరగా ఉండేది సిలబస్‌లో ఒకటుంది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్. నలుగురు స్టూడెంట్లు, నెలల సమయం, ఒకే సాఫ్ట్‌వేర్. ఒకరి కోడ్ ఒకరు చదవాలి, ఒకరు చేసిన మార్పుతో ఇంకొకరి పని ఆగిపోతే కూర్చుని తేల్చుకోవాలి. పైన చెప్పిన పనులన్నీ ఇక్కడ సహజంగానే వస్తాయి.

కానీ చాలాచోట్ల జరిగేది అందరికీ తెలిసిన రహస్యమే. టైటిల్ లిస్ట్ చూసి, డబ్బు కట్టి, కోడ్‌తో పాటు డాక్యుమెంట్, పీపీటీ కూడా రెడీమేడ్‌గా తెచ్చేసుకుంటారు. వైవాకి ముందు రాత్రి ఎలా రన్ చేయాలో ఫోన్‌లో చెప్పించుకుంటారు. గైడ్‌కీ తెలుసు, ఎక్స్‌టర్నల్‌కీ తెలుసు. ఒక్కో గైడ్ కింద బోలెడు బ్యాచ్‌లు ఉంటే అన్నిటి కోడ్ తెరిచి చూసేంత తీరిక ఎవరికుంటుంది? అలా నాలుగేళ్లలో పని నేర్చుకునేందుకు దొరికిన ఒకే ఒక్క చోటు చేజారిపోతోంది. తర్వాత అమీర్‌పేటలో కట్టేది మళ్లీ ఇంట్లోవాళ్ల డబ్బే.

ఇంకా ఫైనల్ ఇయర్‌లోకి రాని స్టూడెంట్లకు టైమ్ ఉంది. ప్రాజెక్ట్ పెద్దదే కానక్కర్లేదు. హాస్టల్ మెస్ లెక్కలు చూసే చిన్న యాప్ అయినా చాలు, దాన్ని పది మంది నిజంగా వాడాలి. వాడేవాళ్లు ఉంటేనే తప్పులు బయటపడతాయి, పాత కోడ్‌ని మళ్లీ తెరవాల్సి వస్తుంది. సీనియర్ బ్యాచ్ వదిలేసిన యాప్‌ని తీసుకుని ముందుకు నడిపితే ఇంకా మంచిది, వేరేవాళ్ల కోడ్ చదవక తప్పదు కాబట్టి. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో చిన్న చిన్న తప్పులు సరిచేయడమూ అలాంటి పనే. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి ఇలాంటి పనికి డబ్బులు కూడా ఇస్తోంది. 2022 నుంచి స్టూడెంట్లు కానివాళ్లకూ అందులో అవకాశం ఉంది.

ఇలా చేసినవాళ్లకు ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి గిట్ హిస్టరీ ఉంటుంది. ఏ రోజు ఎవరు ఏం మార్చారో, ఏది విరిగిందో, ఎలా సరిచేశారో తేదీలతో సహా అందులో కనిపిస్తుంది. కొనుక్కున్న ప్రాజెక్టులో అయితే అన్ని ఫైళ్లూ ఒకే రోజు, ఒకేసారి ఎక్కి ఉంటాయి.