వంకర గాలికి వంకర అద్దం

మా అవ్వ చుక్కల్ని చూసి గాలి సంగతి చెప్పేది. వెలిగండ్లలో ఎండాకాలం రాత్రుళ్ళు మిద్దె మీద నీళ్ళు చల్లి, నులక మంచాలు వాల్చుకుని పడుకునేవాళ్ళం. ఆకు కదలదు, ఒకటే ఉక్కపోత. అయినా అవ్వ పైకి చూసి, "చుక్కలు నిలకడగా లేవు రా నాయనా, పైన గాలి గట్టిగా కొడతావుంది" అనేది. దిగువన ఉన్న చుక్కలు ఎరుపూ నీలమూ మార్చుకుంటూ మిణుకుమిణుకుమనేవి. నడినెత్తిన ఉన్నవి అంతగా మిణుకేవి కావు. పెద్దయ్యాక టెలిస్కోపుల అద్దాల గురించి చదువుతుంటే ఒక రాత్రి ఆ మాట గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది. బడి మొహం చూడని ఆమె గమనించిన సంగతే ఖగోళ శాస్త్రానికి మూడు వందల ఏళ్ళు కొరకరాని కొయ్యగా ఉంది.

పొగాకు ఆరబెట్టే బ్యారన్ కాలే రోజుల్లో దాని పైకప్పు మీదుగా అవతలి వేపచెట్టును చూడండి. కొమ్మలు నీళ్ళ అడుగున ఉన్నట్టు అల్లాడతాయి. చెట్టు కదల్లేదు, మధ్యలో గాలి కదిలింది. వేడెక్కిన గాలి పలచన, చల్లగాలి చిక్కన. చిక్కటి గాలిలో వెలుతురు ఒక్క పిసరు నెమ్మదిగా నడుస్తుంది. ఆ పిసరే కొంప ముంచుతుంది.

కంభం చెరువు నడిమధ్య రాయి పడితే అల గుండ్రంగా బయల్దేరుతుంది. ఒడ్డు చేరేసరికి ఆ గుండ్రం ఎంత పెద్దదవుతుందంటే, మన ముందుకొచ్చిన ముక్క గీత గీసినట్టు తిన్నగా కనబడుతుంది. చుక్క వెలుతురూ అంతే. ఏళ్ళ తరబడి ప్రయాణం చేసి, మార్కాపురం పలకంత చదునుగా భూమి దాకా వస్తుంది. చివరి ముప్పై కిలోమీటర్లు, అంటే సెకనులో పదివేలో వంతు, మన గాలిలో నడుస్తుంది. అంతలోనే ఆ పలక నలిగిన చీరలా ముడతలు పడుతుంది. ముడత లోతు మామూలుగా కొన్ని మైక్రాన్లు, తలవెంట్రుక మందంలో పదో వంతు ఉంటే ఎక్కువ. పైగా ఆ ముడతలు ఒక్క తీరున నిలవవు, సెకనుకు వందసార్లు మారిపోతుంటాయి.

దీని ఫలితం తెలిస్తే మనసు చివుక్కుమంటుంది. మంచి గాలి ఉన్న కొండ మీద కూడా, కంటికి కనిపించే వెలుతురులో, పది ఇరవై సెంటీమీటర్ల అద్దం చూపించే వివరాన్ని మించి ఎంత పెద్ద అద్దమూ చూపించలేదు. పెద్ద అద్దం ఎక్కువ వెలుతురు పోగేస్తుంది, మసక చుక్కను పట్టుకుంటుంది, అంతే. న్యూటన్ 1704లో తన 'ఆప్టిక్స్' పుస్తకంలో ఈ చిక్కును గుర్తించి, ఎత్తైన కొండల మీది నెమ్మది గాలిని వెతుక్కోవడం తప్ప మార్గం లేదన్నాడు. రెండున్నర శతాబ్దాల పాటు అందరూ కొండలే వెతికారు.

మన వాళ్ళలో ఆ వెతుకులాటకు జీవితం ధారపోసినవాడు వేణు బప్పు. ఆయన తండ్రి హైదరాబాదు నిజామియా వేధశాలలో పనిచేసేవారు. బప్పు ఆ దూరదర్శినుల నీడనే పెరిగి, నిజాం కాలేజీలో చదివి, హార్వర్డ్ వెళ్ళి, తిరిగి వచ్చి 1960లో కొడైకెనాల్ వేధశాల పగ్గాలు పట్టారు. రాత్రి ఆకాశం కోసం తమిళనాడులోని జవ్వాదు కొండల్లో కావలూరును ఎంచుకున్నారు. అక్కడ 2.34 మీటర్ల అద్దంతో పెద్ద టెలిస్కోపును మన దేశంలోనే తయారు చేయించడానికి పూనుకున్నారు. అది పూర్తి కాకముందే, 1982 ఆగస్టులో, మ్యూనిక్‌లో కన్నుమూశారు. 1986 జనవరిలో ఆ టెలిస్కోపు మొదలైనప్పుడు దానికి ఆయన పేరే పెట్టారు. అంత శ్రమతో చెక్కిన అద్దం మీద కూడా చివరి మాట గాలిదే. ఎంత నునుపుగా సానబట్టినా, గాలి పెట్టే ముడతను సాన తీయలేదు.

అద్దాన్ని ఇంకా నునుపు చేసే ఆలోచన పక్కన పెట్టి, దాన్నే వంకర చేద్దాం అన్నవాడు హోరేస్ బాబ్‌కాక్. మౌంట్ విల్సన్, పాలోమార్ వేధశాలల్లో పనిచేసేవాడు. 1953లో రాసిన ఒక చిన్న వ్యాసంలో ఈ ఆలోచన బయటపెట్టాడు. వచ్చే అల ఎక్కడ ఎంత ముడత పడిందో కొలవాలి, అద్దంలో దానికి సరిగ్గా విరుగుడు ముడత తెప్పించాలి, గాలి మారిన ప్రతిసారీ ఇదంతా మళ్ళీ చేయాలి. ఆ రోజుల్లో స్విట్జర్లాండులో ఐడోఫోర్ అనే టీవీ ప్రొజెక్టరు ఉండేది. దాన్ని చూసి, అద్దం మీద పలచటి నూనె పొర పోసి, ఎలక్ట్రాన్ ధారతో విద్యుదావేశం చల్లి, ఆ నూనెలోనే ఎగుడుదిగుళ్ళు తెప్పించాలనుకున్నాడు. నాలుగేళ్ళకు సోవియట్ దేశంలో లిన్నిక్ అనే శాస్త్రవేత్తకూ విడిగా ఇలాంటి ఊహే వచ్చింది. లెక్క తప్పులేదు, చేసే సాధనాలే లేవు. అంత వేగంగా కొలిచే కన్నూ లేదు, లెక్కగట్టే కంప్యూటరూ లేదు.

కన్ను ముందు వచ్చింది. 1900 ప్రాంతంలో జర్మనీలో హార్ట్‌మన్ అనే ఆయన అద్దాల తప్పులు పట్టడానికి జల్లెడలా చిల్లులున్న పళ్ళెం వాడాడు. 1971లో అమెరికాలో రోలాండ్ షాక్ ఆ చిల్లుల చోట చిట్టి కటకాలు పేర్చాడు. ఒక్కో కటకం కింద ఒక్కో వెలుగు చుక్క పడుతుంది. అల చదునుగా వస్తే చుక్కలన్నీ ముగ్గుకు పెట్టిన చుక్కల్లా వరుస తప్పకుండా ఉంటాయి. ఎక్కడ అల ఒరిగితే అక్కడి చుక్క ఆ వైపు జరుగుతుంది. ఆ జరుగుడు కొలిస్తే చాలు, ముడతల పటమంతా చేతికొస్తుంది.

ఇక అద్దం. మన వంటింట్లో గ్యాస్ లైటర్ ఉంది కదా, టక్కున నొక్కితే నిప్పురవ్వ వచ్చేది. దాని కడుపులో పీజో అనే జాతి పదార్థం బిళ్ళ ఉంటుంది. దాన్ని నలిపితే కరెంటు పుడుతుంది. ఇదే తిరగేస్తే, కరెంటు పెట్టినప్పుడు బిళ్ళ రవ్వంత ఉబ్బుతుంది. పలచటి అద్దం వెనక ఇలాంటి పీజో కడ్డీలను వరుసగా అమర్చుతారు. వాటినే యాక్చుయేటర్లంటారు. ఒకచోట వెలుతురు ఒక మైక్రాను వెనకబడిందనుకోండి. అక్కడి యాక్చుయేటరు అద్దాన్ని అర మైక్రాను ముందుకు నెడుతుంది. వెలుతురుకు అద్దం దాకా పోయేటప్పుడు అర మైక్రాను, తిరిగొచ్చేటప్పుడు అర మైక్రాను నడక తగ్గుతుంది. వెనకబడిన ముక్క మిగతావాటిని కలుసుకుంటుంది. అద్దం మీద పడేటప్పుడు వంకరగా ఉన్న అల, తిరిగి లేచేటప్పుడు తిన్నగా లేస్తుంది. ఈ కొలత, లెక్క, నెట్టుడు సెకనుకు కొన్ని వందల నుంచి వెయ్యిసార్ల దాకా జరుగుతాయి. అద్దాల గురించి నేను చదివినవాటిలో నాకు దీన్ని మించిన అందం కనబడలేదు.

ఈ అద్దం బాల్యం మాత్రం సైన్యం ఇంట్లో, తలుపులు వేసిన గదిలో గడిచింది. అమెరికాకు సోవియట్ ఉపగ్రహాలను నేల మీద నుంచే స్పష్టంగా చూడాలని ఉంది. మసాచుసెట్స్‌లోని ఐటెక్ కంపెనీలో జాన్ హార్డీ బృందం 1973లో 21 యాక్చుయేటర్లతో మొదటిసారి వంగే అద్దాన్ని పనిచేయించింది. 1982లో హవాయి దీవుల్లో, మావీ దీవిలోని కొండ మీది 1.6 మీటర్ల టెలిస్కోపుకు 168 యాక్చుయేటర్ల అద్దం అమర్చారు. ఇంతలో కొత్త చిక్కు. ముడత కొలవాలంటే, చూడదలచినదాని పక్కనే బాగా వెలిగే చుక్క ఒకటి ఉండాలి. ఆకాశంలో చాలా చోట్ల అలాంటి చుక్క లేదు.

దానికి దొరికిన విరుగుడు చదివినప్పుడు నాకు మళ్ళీ అవ్వే గుర్తొచ్చింది. ఉప్పుతో దిష్టి తీసి పొయ్యిలో వేస్తే చిటపటమంటూ పచ్చటి మంట లేస్తుంది చూడండి, అది ఉప్పులోని సోడియం రంగు. పాత వీధి దీపాల పసుపూ అదే. రాలిన ఉల్కలు కాలిపోగా మిగిలిన సోడియం, మన తలల మీద సుమారు 90 కిలోమీటర్ల ఎత్తున పలచటి పొరగా ఎప్పుడూ ఉంటుంది. సరిగ్గా ఆ పసుపు రంగు లేజరును, 589 నానోమీటర్లది, పైకి కొడితే ఆ పొర వెలుగుతుంది. కావలసిన చోట మన చేత్తో పెట్టుకున్న చుక్క తయారవుతుంది. 1982లో విల్ హాపర్ ఈ ఉపాయం చెప్పాడు. న్యూ మెక్సికోలో రాబర్ట్ ఫ్యూగేట్ లేజరుతో చుక్కను సృష్టించే పద్ధతిని ప్రయోగంలో పెట్టి చూశాడు. అంతా రహస్యం. 1985లో ఫ్రాన్సులో ఫోయ్, లాబేరీ అనే ఇద్దరు తమంతట తామే లేజరు చుక్క ఆలోచన చేసి బాహాటంగా అచ్చు వేశారు. అమెరికా తలుపులు 1991లో గానీ తెరుచుకోలేదు. అన్నేళ్ళూ ఎందరో ఖగోళ శాస్త్రవేత్తలు ఒకచోట తేలిపోయిన లెక్కనే మరోచోట కూర్చుని చేశారు. కత్తిని దాచారంటే అర్థం చేసుకోగలను. కళ్ళద్దాన్ని దాచడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

యూరప్ వాళ్ళు మాత్రం ఆగలేదు. 1989 అక్టోబరులో దక్షిణ ఫ్రాన్సులోని ఓట్-ప్రొవాన్స్ వేధశాలలో 19 యాక్చుయేటర్ల 'కమ్-ఆన్' పరికరం చుక్కను చుక్కలా చూపించింది. బాబ్‌కాక్ వ్యాసం రాసి అప్పటికి ముప్పై ఆరేళ్ళు. 1999లో హవాయిలోని పది మీటర్ల కెక్ టెలిస్కోపుకు 349 యాక్చుయేటర్ల అద్దం వచ్చింది. బాబ్‌కాక్ 2003 దాకా బతికి, ఇదంతా చూశాడు. ఆ సంగతి చదివి నా మనసు కుదుటపడింది.

అద్దం ఇక్కడి నుంచి అనేక చోట్లకు కాపురం మారింది. 1997లో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో లియాంగ్, విలియమ్స్, మిల్లర్ దాన్ని మనిషి కంటి ముందు పెట్టారు. మన కంటి కటకానికీ దాని వంకరలు దానికుంటాయి కదా. ఆ వంకరలకు విరుగుడుగా అద్దం వంగేసరికి, బతికున్న మనిషి రెటీనాలో ఒక్కో కణం విడివిడిగా కనబడింది. తర్వాత రెండేళ్ళకు, రంగులు గుర్తుపట్టే మూడు రకాల కణాలు ఎవరి కంట్లో ఏ తీరున చల్లి ఉన్నాయో కూడా చూపించగలిగారు.

పెద్ద లేజర్లకూ ఈ అద్దం అక్కరకొస్తుంది. కాలిఫోర్నియాలోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో 192 లేజరు ధారలు మిరియపు గింజంత ఇంధనం మీద గురి పెడతాయి. ఆ ధారలు దాటే గాజు పలకలు వేడెక్కి వంకరపోతాయి. అందుకే ఒక్కో ధారకూ 39 యాక్చుయేటర్ల వంగే అద్దం ఒకటి కాపలా ఉంటుంది. 2022 డిసెంబరు 5న 2.05 మెగాజౌళ్ళ లేజరు శక్తి పోసి 3.15 మెగాజౌళ్ళ సంలీన శక్తి రాబట్టింది అక్కడే. కర్నూలులో, 2025 ఏప్రిల్ 13న, హైదరాబాదులోని డీఆర్‌డీఓ ప్రయోగశాల 'చెస్' తయారు చేసిన 30 కిలోవాట్ల లేజరు ఆయుధం ఎగిరే డ్రోనును కూల్చింది. కొన్ని కిలోమీటర్ల వేడిగాలి గుండా వెలుతురును చెదరకుండా పంపాలంటే ఎవరైనా ఎదుర్కోవలసింది బ్యారన్ పైన అల్లాడే ఆ గాలినే. పైగా బలమైన లేజరు తన దారిలోని గాలిని తానే వేడెక్కిస్తుంది కూడా.

సూర్యుణ్ణి చూసేవాళ్ళ పాట్లు వేరు. పగటి ఎండకు నేల కాగి గాలి కుతకుతలాడుతుంది. అందుకే ఉదయ్‌పూర్ సౌర వేధశాలను ఫతేసాగర్ చెరువు నడిమి దిబ్బ మీద కట్టారు. చుట్టూ నీళ్ళుంటే పైన గాలి కాస్త నిలకడగా ఉంటుంది. అక్కడి 50 సెంటీమీటర్ల టెలిస్కోపు కోసం మన శాస్త్రవేత్తలు వంగే అద్దాల మీద పనిచేశారు. సూర్యుడి మీద కొలతకు చుక్క ఉండదు. ఉడికే అన్నం మీది బుడగల్లా సూర్యుడి మీద పొంగే పొంగులనే గుర్తుగా పెట్టుకుని, చిత్రాన్ని చిత్రంతో పోల్చి ముడత కనిపెట్టాలి.

ఎండాకాలం నడిరాత్రి వెలిగండ్ల మిద్దె మీద నుంచి దక్షిణంగా చూస్తే వృశ్చికం తోక పక్కన ధనుస్సు కనబడుతుంది. ఆ దిక్కున, సుమారు 26 వేల కాంతి సంవత్సరాల అవతల, మన పాలపుంత నడిబొడ్డు ఉంది. ఆండ్రియా గెజ్ కెక్ నుంచి, రైన్‌హార్డ్ గెంజెల్ చిలీ నుంచి, వంగే అద్దాల సాయంతో పరారుణ వెలుతురులో అక్కడి చుక్కలను ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉన్నారు. ఎస్2 అనే చుక్క పదహారేళ్ళకొకసారి కంటికి కనబడని ఒక దాని చుట్టూ తిరుగుతోంది. 2018లో దగ్గరగా దూసుకెళ్ళినప్పుడు దాని వేగం సెకనుకు ఏడున్నర వేల కిలోమీటర్లు దాటింది. అంత పట్టు పట్టగలిగేది 40 లక్షల సూర్యుళ్ళంత బరువున్న కృష్ణబిలమే. ఇద్దరికీ 2020లో నోబెల్ వచ్చింది.

ఇప్పుడు చిలీలోని అర్మజోనెస్ కొండ మీద 39 మీటర్ల టెలిస్కోపు కడుతున్నారు. అందులో గాలిని సరిచేసే అద్దం 2.4 మీటర్ల వెడల్పు, మందం రెండు మిల్లీమీటర్లు కూడా లేదు, నేను బళ్ళో బలపంతో రాసిన పలక కంటే పలచన. దాని వెనక 5 వేలకు పైగా యాక్చుయేటర్లు. ఎస్2 మళ్ళీ ఆ బిలానికి దగ్గరగా వచ్చేది 2034లో.