మట్టి కోర్టు: ఒక ఉగాది నుంచి మరో ఉగాదికి

బరంపురం తెలుగువాళ్ల గుళ్ల గురించీ, భజన మండళ్ల గురించీ, పట్టుచీరల గురించీ మన పత్రికలో చాలాసార్లు చదువుకున్నాం. ఈసారి మా ఊరి టెన్నిసు క్లబ్బు గురించి రాస్తాను. ఆటలంటే ఆసక్తి లేనివారు కూడా కాస్త ఓపికపట్టి చదవమని మనవి. ఇందులో ఆట తక్కువ, మనుషులు ఎక్కువ.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమయ్యేదాకా మా ఊరు మద్రాసు రాజధానిలో ఉండేది. మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి గారు 1894లో పుట్టింది ఇక్కడే. ఆ పాతకాలపు ప్లీడర్లూ, మేష్టర్లూ, వర్తకులూ సాయంత్రాలు కాలక్షేపానికి నేర్చుకున్న ఆటల్లో టెన్నిసు ఒకటి. మా క్లబ్బు అలాంటి అలవాటుకు చిన్న వారసురాలు. రెండు మట్టి కోర్టులు, ఒక రేకుల షెడ్డు, ఒక బావి, చుట్టూ వేపచెట్లు, నలభైమంది సభ్యులు. సగంమంది మనవాళ్లు, సగంమంది ఒడియావాళ్లు. పిల్లలు స్కోరు ఇంగ్లీషులో చెబుతారు, తగాదా ఒడియాలో పడతారు, దాహమేస్తే అమ్మను తెలుగులో పిలుస్తారు.

2013 ఏప్రిల్ 11న విజయ నామ సంవత్సరం వచ్చింది. ఆ ఏడాది క్లబ్బు కోశాధికారిని నేనే. కనుక జమాఖర్చులతో సహా బాగా గుర్తుంది.

ఉగాది పచ్చడి తిన్న సాయంత్రమే సర్వసభ్య సమావేశం. కుర్రవాళ్లు ఒక తీర్మానం తెచ్చారు. రెండు కోర్టులూ సిమెంటు చేయించాలట. వాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు. వానాకాలంలో మట్టి కోర్టు వారాల తరబడి మూతపడుతుంది. పెద్ద పోటీలు చాలావరకు గట్టి కోర్టుల మీదే జరుగుతాయి. అలవాటు లేకపోతే మన పిల్లలు అక్కడ తేలిపోతారు. పెద్దవాళ్లు మోకాళ్ల నొప్పుల సంగతి ఎత్తారు. చర్చ వాయిదా పడింది. షెడ్డు గుమ్మం దగ్గర నిలబడి వింటున్న మా మార్కరు తాతను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

మార్కరంటే తెలియనివారికి ఒక మాట. కోర్టు చూసుకుంటూ, జోడీ దొరకని సభ్యుడితో ఆడుతూ, పిల్లలకు నేర్పే మనిషి. మా తాత పదేళ్లప్పుడు బంతులు ఏరే కుర్రాడిగా చేరాడు. బడికి వెళ్లింది తక్కువే గాని బంతి ఎటు పోతుందో ముందే తెలిసిన మనిషి. తెల్లవారకముందే వచ్చి కోర్టు ఊడ్చేవాడు. బావినీళ్లు చల్లి, తడి కాస్త ఆరాక బరువైన రోలరు లాగేవాడు. ఆ పైన గోనెపట్టా ఈడ్చి, తాడు పట్టి సున్నంతో గీతలు వేసేవాడు. నెట్టు ఎత్తు కొలవడానికి టేపు వాడేవాడు కాదు. ఒక రాకెట్టు నిలువుగా, దాని మీద ఇంకో రాకెట్టు తల అడ్డంగా పెట్టేవాడు. 27 అంగుళాలూ 9 అంగుళాలూ కలిపి సరిగ్గా మూడడుగులు. నడుమ నెట్టు ఉండవలసిన ఎత్తు అదే.

ఆ ఏప్రిల్‌లో మా ఊళ్లో బుఢీ ఠాకురాణీ జాతర. రెండేళ్లకొకసారి వస్తుంది. పులి వేషాలవాళ్లు డప్పులతో వీధులన్నీ తిరిగే ఆ రోజుల్లో సాయంత్రం ఆట ఎవరికి కావాలి? మే నెలలో ఉక్కపోత వల్ల పొద్దున్న ఆరింటికే అంతా అయిపోయేది. వేసవి సెలవుల్లో పిల్లలు పదిహేనుమంది చేరారు, అందులో ముగ్గురు ఆడపిల్లలు. 2005లో హైదరాబాదులో సానియా మీర్జా డబ్ల్యు.టి.ఎ. టైటిలు గెలిచాక ఆడపిల్లల్ని పంపడానికి తల్లిదండ్రులకు కాస్త ధైర్యం వచ్చింది. ఒక పాప నాయనమ్మ పొట్టి లాగు వద్దంటే ఆ పాప సల్వారు మీదే ఆడింది. బ్యాక్‌హ్యాండు మాత్రం ఎవరికీ తీసిపోదు.

జూన్‌లో నాదల్ ఎనిమిదోసారి ఫ్రెంచి టైటిలు గెలిచాడు. అదీ మట్టి కోర్టే కదా అని పెద్దల పక్షం సంబరపడింది. మట్టి మీద బంతి వేగం తగ్గి, ఎత్తుగా లేస్తుంది. బలం ఒక్కటే చాలదు, ఓర్పు కావాలి. జులై 7న ఆండీ మర్రే వింబుల్డన్ గెలిచాడు. 1936లో ఫ్రెడ్ పెర్రీ తర్వాత పురుషుల సింగిల్సు గెలిచిన బ్రిటిషువాడు అతనే, 77 ఏళ్లకు. మా ఊరు మద్రాసును విడిచిన సంవత్సరమే అది అని ఒక రిటైర్డు మేష్టరు లెక్క తీసి చెప్పారు.

వానాకాలమంతా కోర్టులు తడిసి, నాచు పట్టి పడున్నాయి. సిమెంటు పక్షం బలపడింది. సెప్టెంబరులో నలభై ఏళ్ల లియాండర్ పేస్, రాడెక్ స్టెపానెక్‌తో కలిసి అమెరికన్ ఓపెన్ డబుల్సు గెలవగానే మా యాభై ఏళ్ల సభ్యులు కొత్త రాకెట్లు కొన్నారు. దసరాకు కోర్టులు సిద్ధం చేయాలని తాత ఎర్రమట్టి తెప్పించి, ఇటుకపొడి జల్లెడ పట్టాడు.

అక్టోబరు 12, దుర్గాష్టమి. ఆ రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. అక్కడికి మాకు పదిమైళ్ల దూరం. గంటకు 200 కిలోమీటర్ల గాలి. 1999 అక్టోబరు తుపాను చూసినవాళ్లం కూడా ఆ రాత్రి తలుపులకు బీరువాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాం. ముందే లక్షలమందిని సురక్షిత ప్రాంతాలకు తరలించడం వల్ల ప్రాణనష్టం తగ్గింది గాని, ఊరిలో నిలువుగా ఉన్న చెట్టు కరువైంది.

గాలి తగ్గాక క్లబ్బుకు వెళ్లాం. మూడు వేపచెట్లు కోర్టుల మీద అడ్డంగా పడున్నాయి. షెడ్డు రేకులు ఎక్కడికెగిరిపోయాయో! కొత్తగా పోసిన మట్టి సగం కొట్టుకుపోయింది. తాత మాకంటే ముందే వచ్చి చిక్కుపడిన నెట్టు విప్పుతున్నాడు.

"తాతా, మీ ఇల్లెలా ఉంది?" అని అడిగాను.

"కప్పు లేదు బాబూ. ఆడోళ్లు బడిలో ఉన్నారు. ఇది నానిపోతే పాడైపోద్దని ఒచ్చీసేను" అన్నాడు.

ఆ పూట కోర్టు పని ముట్టుకోలేదు. సిమెంటు పక్షం, మట్టి పక్షం కలిసి తాత ఇంటికి వెళ్లాయి. కరెంటు లేని ఆ రోజుల్లో, క్లబ్బు నిధిలో ఉన్న డబ్బుతోనూ, చందాలతోనూ ముందు ఆ ఇంటికి రేకులు వేయించాం. లెక్కల పుస్తకంలో దాన్ని 'మరమ్మతులు' అనే రాశాను. ఏ సభ్యుడూ ఆక్షేపించలేదు.

అసలు చిక్కు నవంబరులో వచ్చింది. ఒక కాంట్రాక్టరు స్థలం అద్దెకడిగాడు. పెళ్లి పందిళ్లకు ఇస్తే ఏడాదికి మా చందాలకు ఎన్నో రెట్లు వస్తుంది. కోర్టులు బాగుచేయడానికి చేతిలో డబ్బు లేదు. కోశాధికారిగా ఆ అంకెలు చదివి వినిపించవలసినవాణ్ణి నేనే. చదివాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు మొదటిసారి తాతను లోపలికి పిలిచి కుర్చీ వేశారు. "సిమెంటు ఏసినా నాకు బాధ నేదు బాబూ. పందిరేస్తే పిల్లలెక్కడాడతారు?" అన్నాడు. అంతే.

ఓటింగు జరిగింది. పందిళ్లకు ఇవ్వకూడదని 21 మంది, ఇవ్వాలని 14 మంది. ఒక కోర్టు మట్టిగానే ఉంచాలి, రెండోది డబ్బు కూడాక సిమెంటు చేయించాలి అన్న రాజీకి అందరూ ఒప్పుకున్నారు. పడిన వేపదుంగలు అమ్మితే మట్టికి సరిపడా వచ్చింది. ఆదివారాలు సభ్యులే రోలరు లాగారు. బ్యాంకు మేనేజరు ఒక పక్క, ఇంటరు కుర్రాడు ఒక పక్క.

సంక్రాంతి సెలవుల్లో ఒక్క కోర్టు మీదే డబుల్సు పోటీ పెట్టాం. చీట్లు తీసి, పెద్దవారికొక పిల్లను జోడీ చేశాం. సల్వారు పాప, పెర్రీ లెక్క తీసిన మేష్టరూ ఫైనలుకు వచ్చి ఓడిపోయారు. తీర్పరి కుర్చీలో తాత. పాప నాయనమ్మ అరిసెలు తెచ్చి అందరికీ పంచింది. రాకెట్టు పట్టుకుని మనవరాలు ఫొటో దిగుతుంటే లాగు సంగతి మళ్లీ ఎత్తలేదు.

2014 మార్చి 31న జయ నామ సంవత్సర ఉగాది. సమావేశంలో తాత జీతం పెంచాం. వానాకాలం మూడు నెలలకూ పూర్తి జీతం ఇవ్వాలని నియమావళిలో చేర్చాం. అంతకుముందు ఆ నెలల్లో సగమే ఇచ్చేవారు. ఆ తీర్మానం ప్రతిపాదించింది సిమెంటు పక్షం కుర్రాడే.

మీరున్న ఊళ్లోనూ, బళ్లారిలోనో హోసూరులోనో షోలాపూరులోనో, ఇలాంటి పాత కోర్టు ఒకటి ఉండవచ్చు. ఈ సెలవుల్లో పిల్లల్ని తీసుకుని ఒకసారి వెళ్లండి. రాకెట్టు లేకపోయినా ఫరవాలేదు, మార్కరు దగ్గర పాతది ఒకటి తప్పకుండా ఉంటుంది.