చరిత్ర... ట్రంకు పెట్టెలో!

'మీ ఊళ్లో ఈ ప్రార్థన మందిరం ఎప్పుడు కట్టారు?'

పశ్చిమ ప్రకాశంలో, చంద్రశేఖరపురం చుట్టుపక్కల ఏ పల్లెలోనైనా ఓ పెద్దావిడని ఈ ప్రశ్న అడిగి చూడండి. 'మా పెద్దాడు పుట్టిన ఏడు', 'గాలివానకి ముందటేడు'... ఇలాంటి జవాబే వస్తుంది. ఏ సంవత్సరమో తేలాలంటే ట్రంకు పెట్టె తెరవాల్సిందే. మొదటి పేజీలో పుట్టినరోజులూ బాప్తిస్మం తేదీలూ రాసుకున్న పాత బైబిలు, అట్ట ఊడిన పాటల నోటుబుక్కు, ఎప్పటిదో కన్వెన్షన్ కరపత్రం. ఆ సంఘం చరిత్రంతా అదే. చెద పట్టిందా, ఇక అంతే సంగతులు!

పెంతెకొస్తు విశ్వాసం మాట మీద, పాట మీద, సాక్ష్యం మీద నడిచింది. పైగా తొలితరం వాళ్లది ప్రభువు రాకడ రేపో మాపో అన్న నమ్మకం. కాగితాలు దాచాలని ఎవరికి తోస్తుంది?

బాప్టిస్టుల సంగతి వేరు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని ఇవాళ లెక్కతో సహా చెప్పగలుగుతున్నామంటే, ఒంగోలు మిషనరీలు రాసి పెట్టబట్టే. జాన్ క్లౌ భార్య ఎమ్మా ఇక్కడి మాదిగ పెద్దల జ్ఞాపకాలు విని 1899లో పుస్తకమే వేసింది.

పెంతెకొస్తు కాగితాలు చాలాకాలం చెల్లాచెదురుగానే ఉన్నాయి. అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌లో, అజుసా వీధి కూటాలు జరిగిన రోజుల్లో, 1906 సెప్టెంబరులో 'అపోస్తలిక్ ఫెయిత్' పత్రిక మొదలైంది. ఉచితంగా పంచిన ఆ పత్రికలో పుణె దగ్గర కేడ్‌గావ్‌లో పండిత రమాబాయి నడిపిన ముక్తి మిషన్ కబుర్లూ వచ్చాయి. ముక్తిలో ఉజ్జీవం 1905లోనే మొదలైంది మరి! ఇలాంటి పాత సంచికల్ని కాపాడేందుకు స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని ఫ్లవర్ పెంటెకోస్టల్ హెరిటేజ్ సెంటర్, క్లీవ్‌లాండ్‌లోని డిక్సన్ పరిశోధన కేంద్రం లాంటివి చేతులు కలిపాయి. సంఘాలు వేరు, పద్ధతులు వేరు. మన ఊళ్లో ఒకే వీధిలో రెండు మందిరాలు కట్టుకున్నట్టే. అయినా తమ దగ్గరున్న పత్రికల్ని స్కాన్ చేసి ఒకేచోట ఇంటర్నెట్‌లో పెట్టాయి. ఎవరైనా, పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు.

అలాంటి పొత్తు మనకీ అవసరమే. కేరళలో పుట్టిన ఇండియన్ పెంతెకొస్తు దైవసభ సొసైటీగా రిజిస్టరైంది ఎక్కడో తెలుసా? మన ఏలూరులో, 1935లో! అంటే ఆ సభ కథ సగం మలయాళంలో, సగం తెలుగులో ఉందన్నమాట. ఒక్క చోట వెతికితే పూర్తిగా దొరకదు.

అయితే 'పట్టుకెళ్లినవాళ్లు తిరిగిస్తారా?' అని పెద్దలకి అనుమానం. అందులో తప్పేముంది! బ్రిటిష్ లైబ్రరీ 2004 నుంచి నడిపిన అంతరించే పత్రాల పథకంలో అసలు కాగితం ఆ దేశం దాటదు, నకలే తీస్తారు. పల్లెలో అంత హంగామా కూడా అక్కర్లేదు. బాప్తిస్మ రిజిస్టరు పాస్టరయ్య దగ్గరే ఉంటుంది. ఇంటర్ చదివే మనవడు సెల్‌ఫోన్‌తో పేజీ పేజీ ఫొటో తీస్తే చాలు. ఒక కాపీ సంఘంలో, ఇంకోటి ఏదైనా వేదాంత కళాశాల లైబ్రరీలో.

ముందుగా చెయ్యాల్సింది మాత్రం ఒకటుంది. గోడమీది ఆ పాత గ్రూపు ఫొటో దించి, అమ్మమ్మ ముందు పెట్టాలి. రెండో వరసలో, చెట్టుకింద, చంటిబిడ్డతో నిలబడ్డావిడ ఎవరో ఆవిడకొక్కదానికే తెలుసు.