ఊపిరి తీసుకోనీకపోతే ఎట్లమ్మా?

పెళ్లి ఊరేగింపు ముందు బ్యాండు మేళం నడుస్తుంటే మనం చూసేదేమిటి చెప్పండి? వాళ్ల జరీ కోట్లు, ఉబ్బిన బుగ్గలు. నేనూ అంతకుమించి చూసినదాన్ని కాదు.

మేముండేది నంద్యాల. నా పుట్టిల్లు ఆళ్లగడ్డ. అక్కడ మా చెల్లెలి కూతురి పెళ్లిలో మావాళ్లు, "ఆపకుండా వాయించండయ్యా, డబ్బులిచ్చేది దేనికి?" అని మేళం వాళ్లతో పట్టుబట్టారు. వీధి మలుపు తిరిగేసరికి ట్రంపెట్ ఊదే పెద్దాయన స్వరం చీలిపోయింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆయన మూతి తుడుచుకుంటే తువ్వాలుకి నెత్తురంటింది. మంచినీళ్లు తీసుకెళ్లి ఇస్తే, "ఊపిరి తీసుకోనీకపోతే ఎట్లమ్మా?" అన్నాడు. అంతే.

సంగీతం నేర్చుకుంటున్న మా మేనల్లుడితో ఈ మాట చెబితే వాడొక పాట వినిపించాడు. స్పెయిన్ దేశానికి చెందిన అల్బెనిజ్ (1860–1909) పియానో కోసం రాసిన "ఆస్తూరియాస్". దానికి ఆ పేరు ఆయన పోయాక ప్రచురణకర్తలు పెట్టారు. ఆస్తూరియాస్ ఉన్నది ఆ దేశానికి ఉత్తరాన, పాటేమో దక్షిణాది గిటారు ధోరణిలో ఉంటుంది. మన సీమ పాటకి శ్రీకాకుళం పేరు పెట్టినట్టన్నమాట! అటువంటి పియానో పాటలను అయిదుగురి చిన్న మేళానికి మార్చి వాయిస్తారు. రెండు ట్రంపెట్లు, ఒక హార్న్, ఒక ట్రాంబోన్, ఒక ట్యూబా.

ఎలా మారుస్తారో చూడండి. పియానో దగ్గర కూర్చునేది ఒక్కరే అయినా వేళ్లు పది. కాలితో పెడల్ నొక్కితే మోగిన స్వరం కాసేపు అలాగే నిలుస్తుంది. బూరలో ఒకసారి ఒక్క స్వరమే, అదీ ఊపిరి ఉన్నంతసేపే. ఒంటిచేత్తో వండే అత్తగారి పనిని అయిదుగురు తోడికోడళ్లకు పంచినట్టు పంచుకోవాలి. ఎనిమిది స్వరాలు ఒక్కసారి మోగేచోట, రెండుసార్లు వచ్చిన స్వరాల్లో ఒకటి తీసేస్తారు. పాట గుణం తెలిపే స్వరాన్ని మాత్రం ముట్టుకోరు.

ఈ పాట మొదట్లో ఒకే స్వరం చకచకా మోగుతూనే ఉంటుంది, దాని కింద అసలు పాట నడుస్తుంది. పియానోకి ఇది వేళ్ల పని. ట్రంపెట్‌కి నాలుక పని. "తక తక" అన్నట్టు నాలుక ఆడించాలి, అచ్చం మన మృదంగం జతుల్లాగే! అంతసేపు ఒక్కడే ఊదితే పెదవి ఓర్వదు. అందుకని మొదటి ట్రంపెట్ కాస్త, రెండోది కాస్త అందుకుంటాయి. కింది పాట ట్రాంబోన్‌కిస్తారు. హఠాత్తుగా పిడుగులా పడే చోట్ల అయిదుగురూ కలుస్తారు. మధ్యలో మెల్లగా, ఒంటరిగా పాడుకున్నట్టుండే భాగం హార్న్‌కి బాగా నప్పుతుంది. అప్పుడే ట్రంపెట్ల వాళ్లకి పెదవికి విశ్రాంతి. శ్రుతి తంటా ఒకటి. ట్రంపెట్ కాగితం మీద ఒక స్వరం పైకి రాయాలి, లేకపోతే తక్కినవాళ్లతో కలవదు.

మరి మన మేళం వాళ్లు? కాగితమే ఉండదు. సినిమాలో పదుల కొద్దీ వయొలిన్లు పలికించిన పాటని చెవితో విని క్లారినెట్‌కింత, ట్రంపెట్‌కింత అని పంచేసుకుంటారు. ఒకరు ఊపిరి పీల్చుకునేప్పుడు ఇంకొకరు అందుకుంటారు. మనం గమనించనంత ఒడుపుగా చేస్తారు గనకనే ఆపకుండా వాయించమని గదమాయిస్తాం.

తరువాత మా ఇంట్లో పెళ్లికి ఆ మేళాన్నే నంద్యాలకు పిలిపించాను. రెండు పాటలకొకసారి ఆగండి, ఆ కాసేపూ డ్రమ్ములు చాలు అని నేనే చెప్పాను. మా మరిదికి నచ్చలేదు, పోనీండి. పెద్దాయన ట్రంపెట్‌లో చేరిన చెమ్మ దులిపి, పక్కింటి అరుగు మీద కూర్చుని తీరిగ్గా టీ తాగాడు. లేచి మొదలెట్టిన పాట వీధి చివరిదాకా చీలలేదు.