తరగతి కాదు.. తడబాటు చూడండి!
ఇంటి చదువుకు లెక్కల పుస్తకం ఎంచుకునేదెలా?

బెంగళూరు: తొమ్మిదేళ్ల పాపను '52లోంచి 27 తీసేస్తే ఎంత?' అని అడగండి. కొందరు టక్కున చెబుతారు. కొందరు వేళ్లు లెక్కపెట్టడం మొదలెట్టి, మధ్యలోనే అమ్మ ముఖంలోకి చూస్తారు. తప్పయితే ఏమంటుందోనన్న బెరుకు! బడి మాన్పించి ఇంట్లోనే చదువు చెప్పుకొనే తల్లిదండ్రులకు ఈ బెరుకే పెద్ద పరీక్ష. దాన్ని పోగొట్టే పుస్తకం ఏది? జవాబు పుస్తకం పేరులో లేదు. పాప ఎక్కడ ఆగిపోయిందో అక్కడుంది.

ముందు ఇది తేల్చుకోండి
నాలుగో తరగతి వయసు కదా అని నాలుగో తరగతి పుస్తకమే ఇవ్వనక్కర్లేదు. ఇంటి చదువులో ఉన్న వెసులుబాటే అది. ఒకటి, రెండు, మూడు తరగతుల పుస్తకాల్లోంచి నాలుగేసి లెక్కలు ఇచ్చి చూడండి. ఎక్కడిదాకా సొంతంగా చేసిందో అక్కడి నుంచే మొదలుపెట్టండి.

52 అంటే ఐదు పదులు, రెండు ఒకట్లు అన్నది అందకపోతే వంద తీసివేతలు చేయించినా బెరుకు పెరగడమే తప్ప లెక్క రాదు. పదేసి చొప్పున కట్టిన చీపురుపుల్లలు ఇవ్వండి. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఏడు తీయాలంటే ఒక కట్ట విప్పాల్సిందే. 'అప్పు తెచ్చుకోవడం' అంటే ఏమిటో అప్పుడు చేతికే తెలుస్తుంది. మిగిలేది రెండు కట్టలు, ఐదు పుల్లలు.

ఏది దేనికి?
* ఎన్‌సీఈఆర్‌టీ: ఒకటి, రెండు తరగతులకు 'జాయ్‌ఫుల్ మ్యాథమేటిక్స్' 2023లో వచ్చింది. మూడో తరగతి 'మ్యాథ్స్ మేళా', ఆరో తరగతి 'గణిత ప్రకాశ్' 2024లో వచ్చాయి. ఇంటర్నెట్‌లో ఉచితంగా దింపుకోవచ్చు. ముందు వీటితో మొదలుపెడితే డబ్బు వృథా కాదు.
* సింగపూర్ మ్యాథ్స్: 1980ల్లో అక్కడి బడుల కోసం తయారైన పద్ధతి. ముందు వస్తువు, తర్వాత బొమ్మ, ఆఖర్న అంకె. వరస బాగుంటుంది. దిగుమతి పుస్తకాలైతే ఖర్చెక్కువ.
* బిల్డింగ్ బ్లాక్స్: బెంగళూరులోని అక్షర ఫౌండేషన్ ఇచ్చే ఉచిత యాప్. నేర్చుకున్నది సాధన చేయడానికి పనికొస్తుంది.
* ఎట్ రైట్ యాంగిల్స్: నగరంలోని అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం, మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ కలిసి 2012లో మొదలుపెట్టిన పత్రిక. చిన్న తరగతులకు ఎలా చెప్పాలో పెద్దలకు నేర్పుతుంది.

తెలుగులో అడిగి చూడండి
ఇంగ్లిష్ పుస్తకంలో రాతలెక్క దగ్గర పాప ఆగిపోయిందా? అదే లెక్క తెలుగులో చెప్పండి. టక్కున చేస్తే తెలియనిది లెక్క కాదు, ఇంగ్లిష్! పుస్తకం మార్చే పనే లేదు. ఇక భిన్నాలంటారా.. పావుకిలో పచ్చిమిర్చి, అరకిలో టమాటా, ముప్పావుకిలో ఉల్లిపాయలు. సంతకు తీసుకెళ్తే సగం పాఠం అక్కడే అయిపోతుంది.

పదిలో వదిలేస్తే..
ఇంటి చదువుల పిల్లలు చాలామంది పదో తరగతికి జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ (ఎన్‌ఐఓఎస్) వైపు చూస్తారు. పద్నాలుగేళ్లు నిండాలి. కనీసం ఒక భాషతో కలిపి ఐదు సబ్జెక్టులు చాలు. లెక్కలు తప్పనిసరి కాదు. 'భయపడుతోంది కదా, వదిలేద్దాం' అనిపించేది ఇక్కడే. కానీ తర్వాత సైన్సు, ఇంజినీరింగు అంటే దారి ఇరుకైపోతుంది. ఇష్టం లేక వదిలేయడం వేరు, భయపడి వదిలేయడం వేరు.

కొనేముందు..
* రెండు పాఠాలు చేయించి చూశాకే సెట్టు మొత్తం కొనండి.
* పేజీ నిండా లెక్కలున్న పుస్తకం కంటే, ఒకే లెక్కను రెండు మూడు దారుల్లో చేయించే పుస్తకం మేలు.
* గంట కూర్చోబెట్టడం కన్నా రోజూ కాసేపు చేయించడం నయం.
* 'ఎలా వచ్చింది?' అని తప్పుకే కాదు, ఒప్పుకూ అడగండి. లేదంటే ఆ ప్రశ్న వినగానే తప్పు చేశాననుకుంటుంది.

కొన్ని వారాలయ్యాక మళ్లీ 52లోంచి 27 అడగండి. జవాబు తప్పినా ఫర్వాలేదు. అమ్మ ముఖంలోకి చూడకుండా పుల్లలు అందుకుందా? పుస్తకం కుదిరినట్టే.