వేటు పడితే సరా... తెగొద్దూ!

తడిపి, చుట్టి, నిలువుగా కొయ్యకి గుచ్చిన చాప. ఎదురుగా రెండు చేతులా పొడవాటి కత్తి పట్టుకున్న ఓ మనిషి. ఉన్న బలమంతా కూడదీసుకుని ఒక్క వేటు వేశాడు. చాప తెగలేదు సరికదా, కొయ్య మీంచి ఎగిరి అవతల పడింది! తర్వాతి వ్యక్తి మాత్రం గాల్లో గీత గీసినట్టు కత్తిని ఏటవాలుగా దించాడు. పైముక్క క్షణం అలాగే నిలబడి, ఆపైన మెల్లగా జారిపోయింది.

ఐరోపా, అమెరికాల్లో పాతకాలపు కత్తిసాము నేర్చుకునే బృందాల్లో మామూలుగా కనిపించే దృశ్యమిది. అక్కడ ఆ విద్యకి గురుపరంపర ఎప్పుడో తెగిపోయింది. మిగిలినవి పుస్తకాలే. 14వ శతాబ్దపు జర్మన్ గురువు యోహానెస్ లిష్టెనావర్ విద్యంతా పద్యాల్లో ఉంది... అదీ బయటివాళ్లకి కొరుకుడుపడకుండా! తర్వాతివాళ్లు రాసిన వ్యాఖ్యానాలే దిక్కు. ఇటలీ వీరుడు ఫియోరె గ్రంథం బొమ్మలతో ఉండటం కాస్త నయం. వాటిని చదివి, మొద్దుకత్తులతో పోటీపడుతున్నారు. అక్కడే చిక్కు. మొద్దుకత్తి తగిలితే చాలు, పాయింటొస్తుంది. నిజంగా పదునుంటే అది కోసేదా, చెంపమీద చరిచినట్టు చరిచి ఊరుకునేదా? ఆ సంగతి తేల్చేది చాపే. ఈ పద్ధతి జపాన్ వాళ్ల 'తమేషిగిరి' నుంచి తెచ్చుకున్న అరువు.

ఇంతకీ కిటుకు బలంలో లేదు. కత్తి బరువే ఒకటిన్నర కిలోకి అటూఇటూ. పదునంచు ఎటు చూస్తోందో కత్తి అటే కదలాలి, అంతే. కాస్త ఒరిగిందా, మధ్యలోనే ఇరుక్కుంటుంది. మన కొబ్బరిబోండాలాయన కొట్టేదీ బలంతో కాదుగా, వాటంతో! అడుగూ ముఖ్యమే. కుడివైపు నుంచి కొట్టాలంటే ఎడమకాలు ముందుంచి, వేటుతోపాటే కుడికాలు వేయమంటాయి జర్మన్ గ్రంథాలు.

తప్పెక్కడ జరిగిందో తెగిన ముక్కే చెబుతుంది. కోత నున్నగా ఉంటే భేష్. గరిటెలా గుంటపడిందంటే మధ్యలో మణికట్టు తిరిగిందన్నమాట. కొత్తవాళ్లు చాపలదాకా వెళ్లరు, నీళ్లు నింపిన ప్లాస్టిక్ సీసాలతో మొదలుపెడతారు. వేటు కుదిరితే పైభాగం ఎగిరిపోయినా అడుగుభాగం నీళ్లతో నిలబడే ఉంటుంది.

అన్నట్టు, అసలు భయం గురి తప్పడం గురించి కాదు. చాప సులువుగా తెగిపోతే కత్తి అక్కడ ఆగదు. కిందికి దూసుకొచ్చి సొంత మోకాలి దగ్గరికే చేరుతుంది. అందుకే వేటు వేయడంతోపాటు దాన్ని ఆపడమూ నేర్పుతారు. అప్పటిదాకా చుట్టుపక్కల ఎవర్నీ నిలబడనివ్వరు.