ముసురు పిదప మొక్కజొన్న సాగు

తెలంగాణ ప్రాంతములో వానకాలపు మొక్కజొన్నను జూన్ 15 నుండి జూలై 15 లోపల విత్తుకొనుట మేలని రైతు సోదరులు ఎరుగుదురు. కాని వాన మన లెక్కకు కట్టుబడి కురియదు. 2023 జూలై 27 ఉదయముతో ముగిసిన 24 గంటలలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో దాదాపు 65 సెంటీమీటర్ల వర్షము పడినది. ఇట్టి ముసురు పట్టిన ఏట కొందరికి విత్తుటకు నేల పదునుకు రాదు. మరికొందరికి మొలచిన పైరు నీట మునుగును. పోయిన దినములను యూరియా ఎక్కువ చల్లి తిరిగి సంపాదింపవచ్చునని పలువురు తలచుదురు. అది సరికాదు. ముందు నీరు తీయుట, పిదప మొక్కను పరీక్షించుట, ఆ తరువాతనే ఎరువు వేయుట – ఈ వరుస తప్పరాదు.

నీరు నిలిచిన చేనిలో జరుగునదేమి?

మొక్కజొన్న, వరి వలె నీటిలో నిలిచి బ్రతుకు పైరు కాదు. నేలలోని సందులు నీటితో నిండినచో వేళ్ళకు గాలి అందక అవి పోషకములను గ్రహింపజాలవు. మొలక మొదలు అయిదారు ఆకుల దశ వరకు మొక్క పెరుగు మొన నేల మట్టమునకు దిగువనే ఉండును. ఈ వయసున రెండు మూడు దినములు నీరు నిలిచి, దానికి ఎండ వేడిమి తోడైనచో మొక్క చచ్చుటకు అవకాశము కలదు.

ఇంతేకాక నేలలోని నత్రజని కొంత నీటితో అడుగునకు దిగిపోవును. కొంత సూక్ష్మజీవుల చర్యవలన వాయువుగా మారి గాలిలో కలియును. ఆకులు పసుపు రంగుకు తిరుగుటకు ఇది ముఖ్య కారణము. నీరు నిలిచియుండగా యూరియా చల్లినచో అదియు ఈ దారినే పోవును. కనుక వాన తెరపి ఇచ్చిన నాడే చేని వాలును అనుసరించి కాలువలు తీసి నీటిని బయటకు పంపవలెను. నల్లరేగడి నేలలలో ఈ పని మరింత ముఖ్యము.

మొక్క బ్రతికినదా, లేదా?

నీరు తీసిన మూడు నాలుగు దినములకు చేనిలో పది చోట్ల మొక్కలను పెరికి, కాండమును నిలువున చీల్చి చూడవలెను. లోపలి మొన తెల్లగా, గట్టిగా ఉన్నచో ఆకులు వాడినను మొక్క కోలుకొనును. మొన గోధుమ రంగుకు మారి మెత్తబడినచో అది చచ్చినట్లే. సగమునకు మించి మొక్కలు బ్రతికి, చేనంతట సమముగా ఉన్నచో దున్నివేయుట సాధారణముగా లాభము కాదు. ఖాళీలలో వెంటనే విత్తనము పెట్టవలెను. ఆలస్యముగా పెట్టినవి పెద్ద మొక్కల నీడన ఎదగవు.

పైరు పూర్తిగా పోయినచో మరల విత్తుటకు ముందు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. ఆ చేనిలో కలుపు నివారణకు అట్రజిన్ చల్లియున్నచో పెసర, మినుము, కంది వంటి పప్పుజాతి పైరులు వేయరాదు. మందు శేషము వానిని చంపును. అట్టి చేనిలో మొక్కజొన్న గాని, జొన్న గాని వేయవచ్చును. మందు చల్లని చేనిలో ఆగస్టు వచ్చినచో మొక్కజొన్న మాని, కంది లేక ఆముదము వేసికొనుట క్షేమము.

ఆలస్యముగా విత్తునప్పుడు

జూలై చివర విత్తువారు 90 దినముల లోపల కోతకు వచ్చు రకమునే ఎన్నుకొనవలెను. సంకర రకపు పంటలోని గింజలను మరల విత్తనముగా వాడరాదు; దిగుబడి తగ్గును. ఎకరమునకు 8 కిలోల విత్తనము చాలును. కిలో విత్తనమునకు 3 గ్రాముల మాంకోజెబ్ పట్టించి, బోదెల ప్రక్కన 60 సెంటీమీటర్ల ఎడముగల సాళ్ళలో 20 సెంటీమీటర్లకు ఒక్కొక్కటి చొప్పున నాటవలెను. ఈ లెక్కన ఎకరమునకు 33 వేల మొక్కలు వచ్చును. బోదె పద్ధతిలో అధిక వర్షమైనపుడు నీరు కాలువలోనికి పోవును. వాన కరవైనపుడు ఆ కాలువలోనే తడి పెట్టవచ్చును.

నత్రజనిని మూడు భాగములుగా వేయవలెను. ఒక భాగము విత్తునపుడు, రెండవది మోకాలి ఎత్తు దశలో, మూడవది పూతకు ముందు. మునిగి తేలిన పైరునకు నీరు తీసి, నేల ఆరిన పిదప ఎకరమునకు 25 నుండి 30 కిలోల యూరియా, 10 నుండి 15 కిలోల పొటాష్ పైపాటుగా వేసినచో పైరు తేరుకొనును.

కత్తెర పురుగు

2018 లో మన దేశమునకు వచ్చిన ఈ పురుగు లేత పైరును ఎక్కువగా ఆశించును. ముందు విత్తిన చేలలో పెరిగిన పురుగు ఆలస్యపు పైరు మీద పడును. అందుచే మొలచినది మొదలు వారమునకు రెండుమార్లు సుడిలో చూడవలెను. గ్రుడ్లు, చిన్న పురుగులు కనిపించినపుడే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె (1500 పి.పి.యం.) చొప్పున కలిపి చల్లవలెను. పురుగు ఎదిగి సుడిలో చేరినచో లీటరు నీటికి 0.4 గ్రాముల ఎమామెక్టిన్ బెంజోయేట్ కలిపి, సాయంకాలము సుడి తడియునట్లు చల్లవలెను. మందు చల్లిన చొప్పను వెంటనే పశువులకు వేయరాదు.

పూత వేళ తడి

జూలై 30 న విత్తిన స్వల్పకాలిక రకము సుమారు సెప్టెంబరు 20 నాటికి పూతకు వచ్చును. గింజ పాలుపోసుకొను పని అక్టోబరులో జరుగును. అక్టోబరు నడుమకు నైరుతి ఋతుపవనము మన ప్రాంతము వీడిపోవును. మొదట నీరు ఎక్కువై నష్టపోయిన చేనే చివరకు నీరు చాలక కంకి నిండక పోవుట ఇందువలననే. పూత, పీచు, పాలగింజ దశలలో తడి తప్పినచో గింజ తగ్గుటయే కాక, కాండము కుళ్ళు తెగులు కూడ హెచ్చును. కావున చల్క నేలల రైతులు బావి నీటినో, కుంట నీటినో ఈ దశల కొరకు దాచియుంచవలెను. ఒకటి రెండు తడులు పెట్టు వీలు లేనివారు జూలై 15 దాటిన పిదప మొక్కజొన్న జోలికి పోకుండుటయే మంచిది.

గ్రామాధికారులకు మనవి

మునిగిన చేలను రైతు దున్నకముందే చూచి, నష్టమును నమోదు చేయవలెను. మరల విత్తువారిని రైతు వేదికకు పిలిచి, ఒక్క వారములోనే అందరు విత్తునట్లు చూడవలెను. ఊరిలో పైరులన్నియు ఒకే వయసున ఉన్నచో కత్తెర పురుగునకు నెలల తరబడి లేత మేత దొరకదు.